ఇంటికి 2.4 కార్లు

న్యూజెర్సీ రాష్ట్రంలో మూడు పడకగదుల టౌన్‌హోము ఒకటి కట్టదలచినవారు దానికి 2.4 కార్లు నిలిపే చోటు చూపించాలి. రెండు పడకగదులైతే 2.3. ఒక్క పడకగదే అయితే 1.8. ఇది నేను కల్పించిన చమత్కారం కాదు. 1997 నుంచి ఆ రాష్ట్రమంతటా అమలులో ఉన్న నిర్మాణ నిబంధనలలోని పట్టిక. లెక్కల మాస్టారికి ఇందులో వింత ఏమీ కనిపించకపోవచ్చు, సగటు తీస్తే అలాగే వస్తుందని సరిపెట్టుకుంటాడు. నేను తెలుగు పండితుణ్ణి. తెలుగులో ఏకవచనం, బహువచనం తప్ప నడుమ మరొకటి లేదు. సంస్కృతానికి పోతే ద్వివచనం ఉంది కాని, అదీ రెండు దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన ఆ 0.4 కారుకు ఏ వచనం వాడాలో వ్యాకర్తలెవరూ సెలవివ్వలేదు.

2025 వేసవిలో ఐదు నెలలు మా అమ్మాయి దగ్గర ఉన్నాను. మధ్య న్యూజెర్సీలో ఒక టౌన్‌షిప్పు. పేరు చెప్పను. ఆ రాష్ట్రంలోని ఐదువందల పైచిలుకు ఊళ్ళలో ఏదైనా కావచ్చుననుకోండి. వాళ్ళది టౌన్‌హోము. అక్కడికి వెళ్ళని మిత్రుల కోసం చెబుతున్నాను: టౌన్‌హోము అంటే మన పాత అగ్రహారపు వీధుల్లో వలె గోడకు గోడ కలిపి వరుసగా కట్టిన ఇల్లు. అగ్రహారంలో ఇంటి ముందు అరుగు ఉంటుంది. ఇక్కడ ఇంటి ముందు గ్యారేజి తలుపు ఉంటుంది. అంతే భేదం. కాని ఆ భేదం తక్కువది కాదు. అరుగు మీద మనిషి కూర్చుంటాడు. సాయంత్రం వాహ్యాళికి బయలుదేరి ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే నాకు ఎదురయ్యేవి ఇరవై నాలుగు మూసిన తెల్ల తలుపులు, వాటి ముందు ఇరవై నాలుగు కార్లు. పిట్ట మనిషి కనిపించడు.

గ్యారేజి అనే మాటకు మూలం ఫ్రెంచి భాషలో ఉంది. భద్రంగా ఒక ఓరకు చేర్చడం అని అర్థం. మనవాళ్ళు కారు షెడ్డు అన్నారు. గోశాల, అశ్వశాల, రథశాల అని వరుసగా పెట్టుకున్న జాతివాళ్ళం కనుక కారుశాల అనవలసింది, ఎందుకో ఎవరూ అనలేదు. ఇంతకూ ఆ గ్యారేజిలో కారు ఉంటుందా అంటే, మా అమ్మాయి ఇంట్లో ఉండదు. ఏముంటాయో చెబుతాను. రెండు బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీ, కాగితపు రుమాళ్ళ కట్టలు, బొమ్మలకొలువు పెట్టెలు నాలుగు, మనవడు తొక్కడం మానేసిన సైకిళ్ళు రెండు, అల్లుడు కొన్న కొత్తలో పది రోజులు ఎక్కి దిగిన వ్యాయామ యంత్రం, ఎప్పుడైనా ఇండియా వెళ్ళేటప్పుడు పనికివస్తాయని దాచిన అట్టపెట్టెలు. కారు వానలో, మంచులో బయట నిలబడుతుంది. వరుసలో దాదాపు అందరిదీ ఇదే తీరు.

అయితే నిబంధన కళ్ళకు ఆ గ్యారేజి కారు కోసమే. ఒక కారు పట్టే గ్యారేజి, దాని తలుపు ముందు కనీసం 18 అడుగుల పొడవు బాట ఉంటే రెండు కార్ల చోటు చూపించినట్టు లెక్క. రెండు కార్ల గ్యారేజి, ముందు 20 అడుగుల వెడల్పు బాట ఉంటే మూడున్నర. నాలుగు కాదు, మూడున్నర. ఒక కారు వెనుక ఒకటి నిలిపితే లోపలిది బయటికి రాదన్న లోకజ్ఞానం నిబంధన రాసినవాళ్ళకు కొంత ఉన్నదన్నమాట. ఆవకాయ జాడీ సంగతి మాత్రం వాళ్ళకు తెలియదు.

ఇదంతా నాకు ఎలా తెలిసిందంటే, ఆ ఊళ్ళో ప్లానింగు బోర్డువారి బహిరంగ విచారణకు అమ్మాయితో పాటు రెండుసార్లు వెళ్ళాను. ఖాళీ పడ్డ ఒక పాత ఆఫీసు భవనాన్ని పడగొట్టి అక్కడ 80 టౌన్‌హోములు కడతామని ఒక బిల్డరు దరఖాస్తు పెట్టుకున్నాడు. అందులో 16 ఇళ్ళు తక్కువ ఆదాయం వారికి, వారికి అందే ధరకే ఇవ్వాలి. ఇది బిల్డరు దయాధర్మం కాదు, ఆ రాష్ట్రంలో ప్రతి ఊరి మీదా ఉన్న చట్టబద్ధమైన బాధ్యత. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతానికి మించని కుటుంబాలే వాటికి అర్హులు, అందులోనూ కొన్ని ఇంకా తక్కువ ఆదాయం వారికి ప్రత్యేకించాలి. 2024 మార్చిలో కొత్త చట్టం వచ్చాక ఏ ఊరు ఎన్ని అలాంటి ఇళ్ళకు చోటు చూపాలో 2025 నుంచి పదేళ్ళకు మళ్ళీ లెక్కలు కట్టారు. అందువల్ల ఆ వేసవిలో ఆ రాష్ట్రమంతటా ఇదే చర్చ.

ఈ బాధ్యత ఎక్కడ పుట్టిందో చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆ రాష్ట్రపు దక్షిణ భాగంలో, ఫిలడెల్ఫియాకు చేరువలో మౌంట్ లారెల్ అనే టౌన్‌షిప్పు ఉంది. 1950లో మూడు వేల జనాభా కూడా లేని పొలాల ఊరు. 1970 నాటికి పదకొండు వేలు దాటింది. తరతరాలుగా అక్కడే ఉన్న నల్లజాతి కుటుంబాలు కొన్ని పాత కోళ్ళ గూళ్ళను ఇళ్ళుగా మార్చుకుని బతికేవి. స్ప్రింగ్‌విల్ అనే పేటలో తమకోసం 36 చిన్న అపార్టుమెంట్లు కట్టుకోవడానికి అనుమతి అడిగారు. ఊరివారు ఇవ్వలేదు. పెద్ద పెద్ద స్థలాల్లో విడి ఇళ్ళు తప్ప మరొకటి కట్టరాదన్నది అక్కడి జోనింగు. అక్కడి భూమిపుత్రికే అయిన ఎథెల్ లారెన్స్ అనే ఆవిడ కోర్టుకెక్కారు. 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: ఏ ఊరైనా తన జోనింగు అధికారాన్ని పేదవారిని బయట ఉంచడానికి వాడుకోకూడదు, ఆ ప్రాంతపు అవసరంలో తన వంతు మోయాలి. 1983లో మళ్ళీ అదే కోర్టు ఇంకా గట్టిగా చెప్పవలసివచ్చింది. తీర్పు చెప్పడం వేరు, ఇటుక మీద ఇటుక లేవడం వేరు. మౌంట్ లారెల్‌లో ఆ ఇళ్ళలోకి మొదటి కుటుంబాలు వచ్చింది 2000లో. ఎథెల్ లారెన్స్ 1994లోనే కన్నుమూశారు. ఆవిడ పేరు పెట్టిన ఆ 140 ఇళ్ళూ టౌన్‌హోములే. ఒక ఆదివారం అల్లుణ్ణి అడిగి కారులో వెళ్ళి చూసి వచ్చాను. తెలియనివాడు పక్కవాటికీ వాటికీ తేడా పోల్చలేడు. ఆ ఇళ్ళు వస్తే నేరాలు పెరుగుతాయని, చుట్టుపక్కల ఇళ్ళ ధరలు పడిపోతాయని, పన్నులు పెరుగుతాయని ఊరివారు భయపడ్డారు. డగ్లస్ మాసీ అనే ప్రిన్స్‌టన్ ఆచార్యుడు తన బృందంతో పదేళ్ళ లెక్కలు తీసి 2013లో పుస్తకం వేశాడు. అవేవీ జరగలేదని తేలింది.

ఆ 1975 నాటి తీర్పులో ఒక సంగతి నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ రోజుల్లో మౌంట్ లారెల్ కొన్ని పెద్ద నిర్మాణాలకు టౌన్‌హోములు, అపార్టుమెంట్లు కలిపి అనుమతి ఇచ్చింది. కాని ఒక షరతు మీద. అలాంటి ఇంటికి సగటున 0.3 కంటె ఎక్కువ మంది బడి పిల్లలు తేలితే, ఆ పై పిల్లల చదువు ఖర్చంతా బిల్డరే భరించాలి. బడికి పన్నులు ఊరే కట్టుకోవాలి కనుక పిల్లలు వచ్చే ఇళ్ళు రాకుండా చూడడం దాని ఉద్దేశం. పడకగదుల సంఖ్యకు కూడా అందుకే కత్తెర వేశారు.

ముప్ఫై నాలుగేళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి. హాజరుపట్టీలో పిల్లవాణ్ణి దశాంశంగా ఎన్నడూ వేయలేదు. ఇంటికి 0.3 పిల్లవాడు మించరాదు, ఇంటికి 2.4 కార్లకు తగ్గరాదు. ఈ రెండూ ఒకే కాలంలో ఒకే చోట రాసిన నిబంధనలు కావు, నిజమే. మొదటిదాన్ని కోర్టు తప్పుపట్టింది. రెండోదాన్ని రాష్ట్రం నిజానికి మంచి ఉద్దేశంతోనే తెచ్చింది. ఒక్కో ఊరు ఒక్కో రకంగా బిల్డర్ల మెడలు వంచకుండా అంతటా ఒకే పట్టిక ఉండాలని. అయినా ఈ రెండు దశాంశాలు పక్కపక్కన పెట్టి చూశాక వాటిని విడదీయడం నాకు సాధ్యం కాలేదు.

విచారణకు వద్దాం. పురపాలక భవనంలో సభ. మాట్లాడదలచినవారు కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేయాలి, తర్వాత మూడు నిమిషాలు. నలభై మంది దాకా లేచారు. దాదాపు అందరి ఉపన్యాసానికీ ఒకే నాందీశ్లోకం: పేదవారికి ఇళ్ళు ఇవ్వడానికి నేను వ్యతిరేకిని కాను. తర్వాత ఒక ‘కాని’. ఆ ‘కాని’ తర్వాత పార్కింగు. గ్యారేజీల్లో ఎవరూ కార్లు పెట్టరు, సామాన్లు నింపుతారు, కనుక గ్యారేజీని లెక్కలోకి తీసుకోరాదు, ఆ మేరకు బయట చోటు చూపించాలి అన్నది వాదం. బిల్డరు వకీలు రాష్ట్ర నిబంధన తీసి చూపించాడు. బోర్డు సభ్యుడొకరు తన గ్యారేజీలో కూడా కారు పట్టదని నవ్వుతూ ఒప్పుకున్నాడు. సభంతా నవ్వింది. వాదం మాత్రం నెగ్గింది.

నిజం చెప్పాలంటే వాళ్ళ బెంగలో పస లేకపోలేదు. ఆ ఊళ్ళో కారు లేకపోతే పాలప్యాకెట్టు కూడా దొరకదు. రాత్రిపూట వీధిలో కారు నిలపడం నిషేధం. మంచు పడితే తోడే బండికి అడ్డం అంటారు. బస్సు అనే పదార్థాన్ని నేను ఐదు నెలల్లో చూసింది ఒక్కటే, అది పసుపుపచ్చ బడి బస్సు. కనుక కార్లు ఎక్కడో ఒకచోట ఆగాలి. నా అభ్యంతరం దానికి కాదు. ఆఫీసు భవనం ఉన్ననాడు అక్కడ రోజూ వందల కార్లు ఆగేవని అమ్మాయి చెప్పింది. అప్పుడు ఎవరికీ పార్కింగు బెంగ కలిగినట్టు లేదు.

లేచి మాట్లాడినవారిలో మనవాడు ఒకాయన ఉన్నాడు. గుంటూరు జిల్లా, మా ఊరికి పదిహేను మైళ్ళు. చాలా మంచివాడు. నన్ను రెండుసార్లు బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి తన కారులో తీసుకువెళ్ళి తీసుకువచ్చాడు. ఆ వారాంతం మా అమ్మాయి పెసరట్లు వేసి పిలిస్తే వచ్చాడు.

“మాస్టారూ, మొన్న మీటింగులో మిమ్మల్ని చూశానండీ. మీకు ఇక్కడి సంగతులు తెలియవు. ఒక్కో ఇంట్లో ఐదారుగురు దిగుతారు. అందరికీ తలా ఒక కారు” అన్నాడు.

“మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయి బాబూ?” అన్నాను.

“మూడండీ. పెద్దమ్మాయికి లైసెన్సు వచ్చిందిగా, ఇంకోటి చూస్తున్నాం.”

మా అమ్మాయి నా వైపు ఒక చూపు చూసింది. ఇంక చాలు నాన్నా అని దాని అర్థం. నేను అల్లం పచ్చడి అడిగాను. ఇదే మనిషి అంతకు ముందు గుడికి వెళుతూ దారిలో తన తొలిరోజుల ముచ్చట్లు చెప్పాడు: 1998లో వచ్చినప్పుడు రెండు గదుల అపార్టుమెంటులో ఐదుగురు కుర్రాళ్ళు, అందరికీ కలిపి ఒక పాత కారు, వంతులు వేసుకుని నడిపేవాళ్ళట. చెబుతున్నంత సేపూ కళ్ళు మెరిశాయి. ఆ అపార్టుమెంటు కట్టిన ఊళ్ళో ఎవరో ఒకరు ఆనాడు వీళ్ళను గురించి కూడా ఐదారుగురు దిగుతారని అనే ఉంటారు.

ఇక్కడ కొంచెం భూమి లెక్క చెప్పాలి, ఎందుకంటే అసలు కీలకం అక్కడే ఉంది. ఒక కారు నిలిపే గడి 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. అది లోపలికి వచ్చి తిరగడానికి 24 అడుగుల దారి. రెండు వైపులా గడులుంటే అందులో సగం ఈ గడి వాటా. మొత్తం 270 చదరపు అడుగులు. ఇంటికి 2.4 కార్లనుకుంటే 648. పన్నెండువందల చదరపు అడుగుల రెండంతస్తుల టౌన్‌హోము నేలమీద ఆక్రమించేది 600. అంటే గ్యారేజి లేకుండా బయట నిలిపితే ఇంటికంటె కార్లకే ఎక్కువ నేల.

ఆ 648 అనే అంకె ఎక్కడో విన్నట్టుందే అనుకుని సెంట్లలోకి మార్చి చూశాను. సెంటు 435.6 చదరపు అడుగులు. కనుక దాదాపు సెంటున్నర. 2020 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో పేదలకు ఇళ్ళ స్థలాలు పంచినప్పుడు పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. మన పల్లెలో ఒక కుటుంబం మొత్తానికి ఇంత చోటు చాలునని కొలిచి ఇచ్చిన నేల, న్యూజెర్సీలో ఒక ఇంటివారి కార్లు నిద్రపోయే నేల. పోలిక అతిగా ఉందంటారేమో. దేశాలు వేరు, భూమి ధరలు వేరు. అంకె మాత్రం ఒకటే.

అమెరికాలోనే దీన్ని ప్రశ్నించినవారు లేకపోలేదు. డొనాల్డ్ షూప్ అనే కాలిఫోర్నియా ఆచార్యుడు జీవితమంతా ఈ ఒక్క విషయం మీదే పనిచేసి 2005లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. 2025 ఫిబ్రవరిలో పోయాడు. ఉచితంగా కనిపించే పార్కింగు ఖర్చు ఎక్కడికీ పోదు, ఇంటి అద్దెలోకీ సరుకుల ధరలోకీ చేరుతుందని, కారు లేనివాడు కూడా ఆ ఖర్చు మోస్తున్నాడని ఆయన వాదన. ఓక్‌లాండ్ నగరంలో 1961లో అపార్టుమెంటుకు ఒక కారు చోటు తప్పనిసరి చేస్తే, ఒక్కో ఇంటి నిర్మాణ ఖర్చు 18 శాతం పెరిగింది, ఎకరానికి కట్టే ఇళ్ళ సంఖ్య 30 శాతం తగ్గింది. బఫెలో నగరం 2017లో, మినియాపొలిస్ 2021లో, ఆస్టిన్ 2023లో ఇంటికి ఇన్ని కార్లన్న కనీస నిబంధనను పూర్తిగా ఎత్తివేశాయి. చోటు ఉండకూడదని కాదు, ఎంత ఉండాలో కట్టేవాడూ కొనేవాడూ చూసుకుంటారని. రైలూ బస్సూ లేని మా అమ్మాయి ఊళ్ళో అది ఎంతవరకు చెల్లుతుందో గాని, తక్కువ ధర ఇళ్ళ వరకైనా కొంత సడలించవచ్చుననిపించింది.

ఇంతకూ నేను ఆ విచారణలకు వెళ్ళడానికి కారణం మనవడి బడిలో పనిచేసే సహాయక ఉపాధ్యాయురాలు. పాఠం చెప్పే అసలు టీచరు వేరు. ఈవిడ చిన్నపిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దిస్తుంది, కోటు గుండీలు పెడుతుంది, ఏడిస్తే ఊరుకోబెడుతుంది. మావాడికి మొదట్లో ఇంగ్లీషు రాక బిక్కుబిక్కుమంటూ ఉన్నప్పుడు చేయి పట్టుకుని నడిపించింది ఈవిడే. ఇద్దరు పిల్లలు. ట్రెంటన్ నుంచి రోజూ నలభై నిమిషాలు కారులో వస్తుంది. జీతం చాలా స్వల్పం. ఆ పదహారు ఇళ్ళలో ఒకటి వస్తుందేమోనని ఆశ. నేను బడిపంతులునని తెలిసి ఒకరోజు అడిగింది, మీ దేశంలో టీచర్లు తాము చెప్పే ఊళ్ళోనే ఉంటారా అని. నేను పనిచేసిన మొదటి ఊళ్ళో సర్పంచిగారి పశువుల చావడి పక్కన రెండు గదుల ఇల్లు అద్దెకిచ్చారు, సాయంత్రం పిల్లలు అరుగు మీదికి పద్యాలు అప్పజెప్పడానికి వచ్చేవారు అని అమ్మాయి చేత ఇంగ్లీషులో చెప్పించాను. పశువుల చావడి అన్నమాట ఆవిడకు ఎంతో నచ్చింది. అంటే గ్యారేజీయేగా అన్నది.

రెండో విచారణలోనూ ఆవిడ వెనుక వరుసలో కూర్చున్నది. ఊరి నివాసి కాదు కనుక మాట్లాడితే బాగుండదేమోనని లేవలేదు. బోర్డు అధ్యక్షుడు అడిగినవారికల్లా అవకాశమిచ్చాడు, ఆవిడ అడగలేదు.

నేను తిరిగివచ్చాక అక్టోబరులో అమ్మాయి ఫోనులో చెప్పింది, అనుమతి వచ్చిందట. గ్యారేజీలను సగమే లెక్కించి మిగిలిన చోటు బయట చూపించడానికి బిల్డరు ఒప్పుకున్నాడు. అందుకు నేల కావాలి కనుక ఇళ్ళు 80 నుంచి 70కి తగ్గాయి. ఐదింట ఒకటి అన్న లెక్క ప్రకారం పేదవారి ఇళ్ళు 16 నుంచి 14 అయ్యాయి. వాటికి గ్యారేజీలు లేవు, వెనుకవైపు గీతలు గీసిన చోటు ఉంటుంది. గ్యారేజీ ఉన్నవారు దాన్ని ఎన్నటికీ గదిగా మార్చుకోరాదని దస్తావేజులో రాయిస్తారట. జాడీలు పెట్టుకోవచ్చునా అని అడిగాను. అమ్మాయి నవ్వింది.

ఆవిడ పేరు నమోదు చేసుకున్నది. దరఖాస్తులో కార్లెన్ని అని ఎక్కడా అడగలేదట. ఆవిడకున్నది ఒకటే. లాటరీ ఇళ్ళు పూర్తి కావచ్చే వేళకు తీస్తారు. పాత ఆఫీసు భవనం ఇంకా పడగొట్టలేదు.